డేవిడ్‌రాజు సారు చివరి పాఠం

డేవిడ్‌రాజుది ఉదయగిరి. ఇరవై రెండేళ్లు ఆత్మకూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాడు.

గ్రాఫుల పాఠంలో పిల్లలు ఏటా ఒక్కచోటే తడబడేవారు. x² కి మూడు కలిపితే వంపుగీత మూడు గళ్లు పైకి జరుగుతుందంటే ఒప్పుకునేవారు. x నుంచి మూడు తీసేసి వర్గం చేస్తే మాత్రం, తీసేశాం గనక గీత ఎడమకు పోవాలి గదా అనేవారు. అది కుడికి పోతుంది. అక్కడ ఆయన ఉదయగిరి బస్సు గురించి చెప్పేవాడు. రోజూ ఎనిమిదింటికి దారిలోని వింజమూరులో ఉండే బస్సు గంట ఆలస్యంగా బయల్దేరితే తొమ్మిదికి గానీ అక్కడికి రాదు. అదెక్కడుందో తెలియాలంటే గడియారంలోంచి గంట తీసేసి పాత టైము చూసుకోవాలి. కాగితం మీద బస్సు ప్రయాణం గీస్తే ఆ గీత మాత్రం గంట కుడికి జరుగుతుంది.

నిరుడు వేసవిలో ఆయనకు పక్షవాతం వచ్చింది. నాలుగు నెలలకు చెయ్యి, మాట స్వాధీనమయ్యాయి. ఇంకొన్నాళ్లు ఆగమని భార్య లిదియమ్మ ఎంత చెప్పినా వినకుండా క్లాసుకు వెళ్లాడు.

ఆ రోజు రెండో ఏడాది పిల్లలకు పాత పాఠం గుర్తుచేస్తూ బోర్డు మీద (x−3)² అని రాసి, వంపుగీత అడుగును మైనస్ మూడు దగ్గర పెట్టాడు. ఆయనే ఆగిపోయాడు. ఏదో తప్పని తెలుస్తోంది, ఏమిటో అందడం లేదు. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మొదటి ఏడాదిలో ఆయన దగ్గరే ఈ పాఠం విన్న సుజన మెల్లగా లేచింది.

“సార్, x మూడైతేనే గదా లోపల సున్నా అయ్యేది. అడుగు కుడిపక్క మూడు దగ్గర ఉండాల. బస్సు లేటైనట్టు. మీరే చెప్పినారు.”

“నేనా?” అన్నాడాయన.

సుజన చేత బోర్డు మీద గీయించి, తను ముందు బెంచీలో కూర్చున్నాడు. ఒక సందేహం అడిగాడు. ఆ అమ్మాయి చెప్పింది. కాసేపటికి అదే మళ్లీ అడిగాడు. సుజన విసుక్కోకుండా మళ్లీ చెప్పింది.

సాయంత్రం ఇంటికొచ్చి, ఇక కాలేజీకి పోనన్నాడు. పదిరోజులు పోతే సర్దుకుంటుందని లిదియమ్మ నచ్చజెప్పబోయింది.

“ఆ బిడ్డ బాగా చెప్పింది లిదియా. నాకే అర్థం కాలేదు.”

ఆ నెలలోనే ఉదయగిరి వెళ్లిపోయారు. సుజన రెండుసార్లు ఫోన్ చేసింది. లిదియమ్మ ఫోన్ అందించబోతే, నిద్రపోతున్నాడని చెప్పమని ఆయన చేత్తో సైగ చేశాడు.