చెరో బాక్సు

తప్పు నాదే. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే మిగతాది తీరిగ్గా చెప్పుకోవచ్చు.

మా మామగారు వడ్రంగి. ఆయన పోయి పదకొండేళ్లయింది. పోయిన నెలకే, ఆయన చేతులారా చేసిన రెండు స్పీకర్ బాక్సుల కోసం మా ఆయనా, ఆయన అక్కగారూ పంతానికి పోయారు. "నాన్న నా కోసం చేశాడు" అని ఈయన. "గరుకు కాగితం పట్టి నున్నగా రుద్దింది నేను, నువ్వా?" అని మా వదిన. పొద్దున మొదలైన రగడ మధ్యాహ్నమైనా తెగలేదు. పిల్లకి జ్వరం, పొయ్యి మీద పాలు, నాకు ఒళ్లు మండిపోయి వంటింట్లోంచే అరిచాను.

"ఉన్నవి రెండు, ఉన్నది ఇద్దరు! చెరోటి పట్టుకుపోతే పీడా పోతుందిగా!"

బంధువులందరూ భేష్ అన్నారు. నేను కూడా కాస్త పొంగిపోయాను. గిన్నెలు పంచుకుంటాం, కుర్చీలు పంచుకుంటాం, ఇవీ అంతే అనుకున్నాను. అవి జత అనీ, ఎడమదాంట్లో సగం పాట, కుడిదాంట్లో సగం పాట వస్తుందనీ నాకెవరు చెప్పి చచ్చారు? తెలిసిన ఇద్దరూ మాత్రం మూతులు ముడుచుకుని చెరోటి మోసుకుపోయారు. ఈయనది ఎడమ బాక్సు, ఆవిడది కుడి బాక్సు. ఆ రోజు నుంచి అక్కాతమ్ముళ్ల మధ్య మాటల్లేవు. నేనూ, నేను అన్నయ్యా అని పిలిచే వదిన భర్తా ఫోన్లో మాట్లాడుకోబట్టి ఒకరి కబురు ఒకరికి తెలిసేది.

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. తోటివాళ్లు ఆయన్ని స్టెతస్కోపు అని పిలుస్తారు. లిఫ్టు తలుపుకి చెవి ఆనించి కళ్లు మూసుకుంటారు. "మూడో అంతస్తు దాటాక గీసుకుంటోంది, అక్కడ నూనె లేదు" అంటారు. విప్పి చూస్తే అక్కడే ఉంటుంది రోగం. ఇంట్లో ఫ్యాను ఎప్పుడు ఆగిపోతుందో రెండు వారాల ముందే చెప్పేస్తారు. నేను ఉప్పు తెమ్మని మూడుసార్లు చెబితే మాత్రం వినబడదు. అది వేరే సంగతి.

పని నుంచి రాగానే చేతులకున్న గ్రీజు కడుక్కుని, హాల్లో చెక్క కుర్చీలో కూర్చుని, మామగారి నాటి ఆంప్లిఫయర్ ఆన్ చేసి, ఆ ఒక్క బాక్సులోంచే పాటలు వినేవారు. మీట ఒకటి తిప్పితే రెండు సగాలూ కలిసి ఆ ఒక్కదాంట్లోంచే వస్తాయట. పదకొండేళ్లలో ఒక్కసారి తిప్పలేదు.

"తిప్పితే ఏం పోతుందండీ?" అంటే, "అక్క వాటా నేను కాజేసినట్టవుతుంది" అనేవారు.

ఇదేం పట్టుదలో నాకర్థం కాదు. మాటలు లేవు గానీ వాటా పట్టింపు మాత్రం ఉంది! మామగారు బతికుండగా ఒకే పాటల క్యాసెట్టు ఇద్దరికీ తీసిచ్చారు. అందులో డ్రమ్ములన్నీ ఎడమ, వయొలిన్లన్నీ కుడి. ఈయన స్నానాల గదిలో డ్రమ్ముల ముక్క పాడుకుంటారు. అక్కడ వదిన బట్టలు మడతపెడుతూ వయొలిన్ ముక్క కూనిరాగం తీస్తుందని అన్నయ్య చెప్పారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే పాట పూర్తవుతుంది. ఆ కూర్చోబెట్టేదెవరు?

ఇలా ఉండగా మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో హోమ్ థియేటర్ కొనుక్కొచ్చింది. ముందర మూడు, వెనక రెండు చిన్న బాక్సులు, ఒక మూలకి దబదబమనే పెద్ద డబ్బా. సినిమా వేస్తే వాన మన నెత్తిన కురిసినట్టే ఉంటుంది. నాకు భలే నచ్చింది. అబద్ధం ఎందుకు?

కానీ మా హాలెంత? సోఫా వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది.

"నాన్నా, ఆ పాతది లోపలి గదిలో పెట్టేద్దాం. పాటలు ఇందులోనూ వస్తాయి" అంది పిల్ల. మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు పాపం.

ఆయన కొత్తదాంట్లో ఒక పాట విన్నారు. "బాగుందమ్మా" అన్నారు. ఆ వెంటనే మెల్లిగా, "మరి ఆ పాడే ఆవిడ నా వీపు వెనక ఎందుకు నిలబడింది?" అన్నారు.

అంతే. రెండు రోజులు సరిగా తినలేదు. బాక్సు పక్కన కూర్చుంటారు, దాని అంచు నిమురుతారు, లేచి వెళ్లిపోతారు. లోపలి గదంటే పాత పరుపులు, విరిగిన గొడుగులు ఉండే చోటు. అక్కడికి వెళ్లిన వస్తువు మళ్లీ బయటికి రాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. మామగారి బాక్సుకి ఆ గతి పడుతుందంటే నాకూ మనసొప్పలేదు.

మూడో రోజు, కొత్తదానితో వచ్చిన పుస్తకం ముందరేసుకుని, ఆయన ఒక్కసారిగా తలెత్తారు.

"దారుంది! బైపాస్ చేయొచ్చు!"

నాకు అర్థమైనంత చెబుతాను. సినిమా చూసేటప్పుడు ముందరి కుడి ఎడమల శబ్దం కొత్త మిషన్‌లోంచి పాత ఆంప్లిఫయర్‌కి వస్తుంది. పాతది దానిలో వేలు పెట్టకుండా, బలం మాత్రం ఇచ్చి మామగారి బాక్సుకి పంపేస్తుంది. దాన్నే బైపాస్ అంటారట. పాటలు వినేటప్పుడు కొత్తదాన్ని ఆపేసి పాతదొక్కటే వాడుకోవచ్చు. ఒకే హాలు, రెండు కాపురాలు, పోట్లాట లేదు.

"కానీ ముందర జత కావాలి నాన్నా" అంది పిల్ల. "నీ దగ్గర ఒకటేగా ఉంది?"

ఆయన మొహం వాడిపోయింది. "ఎడమ పక్క నాన్న బాక్సు, కుడి పక్క కొత్తదాని ఈ అగ్గిపెట్టె పెడితే, హీరో ఇటు నుంచి అటు నడిచేసరికి గొంతు చిక్కిపోతుంది."

"మీ అక్కని అడగండి" అన్నాను.

"నేనడగను."

"పోనీ నేనడుగుతాను."

"నువ్వు చేసిన పంపకం చాలు తల్లీ" అన్నారు.

చివరికి తేలిందేమిటంటే, మర్నాడు పదింటికి షాపు మెకానిక్ వస్తాడు, ఒక్క బాక్సుతోనే బైపాస్ చేసి చూస్తారు, కుదరకపోతే బాక్సు లోపలి గదికి. ఆ మధ్యాహ్నమే అన్నయ్య ఫోన్ చేశారు.

"ఏం చెల్లెమ్మా, మా బావమరిది ఎలా ఉన్నాడు?"

"ఏం చెప్పను అన్నయ్యా! రెండు రోజులుగా సరిగా తిండి లేదు. బైపాస్ ఒక్కటే దారి అంటున్నారు. రేపు పదింటికి. పాత ప్రాణం కదా, తట్టుకుంటుందో లేదోనని..." ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన. "ఉంటానన్నయ్యా!" అని ఠక్కున పెట్టేశాను. ఆ తర్వాత ఫోన్ ఎక్కడ పడేశానో నాకే గుర్తులేదు.

నా నోటి దురుసు సంగతి నాకు తెలుసు గానీ, నోట్లో ఇంత మహిమ ఉందని నాకేం తెలుసు?

మర్నాడు పదింటికి మా హాలు ఇలా ఉంది. మా ఆయన బల్ల కింద వెల్లకిలా పడుకున్నారు, రెండు పాదాలే బయటికి కనబడుతున్నాయి. చుట్టూ వైర్లు. పిల్ల టార్చి పట్టుకుంది. షాపు మెకానిక్ చేతిలో పట్టకారుతో వంగి చూస్తున్నాడు. వీధి తలుపు సగం తెరిచి ఉంది.

ఆ సగంలోంచే మా వదిన దూసుకొచ్చింది. చేతిలో కమలాపళ్ల సంచి. వెనకాల అన్నయ్య, చంకలో దుప్పటి, భుజానికి ఫ్లాస్కు.

"అయ్యో తమ్ముడూ! ఇంట్లోనే చేసేస్తున్నారా బైపాసు!"

షాపు మెకానిక్ తలెత్తాడు. "ఎక్కడైనా ఇంట్లోనే చేస్తామండీ. అరగంట పని."

"అరగంటా!" వదిన గోడ పట్టుకుంది. "తట్టుకుంటాడా బాబూ?"

"పాతవే గట్టివమ్మా. కాకపోతే కుడి వైపు ఏమీ లేదు."

వదిన కుప్పకూలినట్టు సోఫాలో కూర్చుండిపోయింది. ఆ గొంతు విని మా ఆయన గబుక్కున లేవబోయి, బల్లకి తల ఠంగుమని కొట్టుకుని, బుర్ర రుద్దుకుంటూ బయటికొచ్చారు.

"అక్కా?"

"నీకు బైపాసన్నారు కదరా!"

"నాకా? దీనికి" అని ఆయన ఆంప్లిఫయర్ చూపించారు.

వదిన కమలాపళ్ల సంచితో తమ్ముణ్ణి వీపు మీద బాదడం మొదలెట్టింది. "రాత్రంతా కంటి మీద కునుకు లేదురా! వెధవా! బస్సులో ఏడ్చుకుంటూ వచ్చానురా!" సంచి చిరిగి పళ్లు హాలంతా దొర్లాయి. బాదుతూ బాదుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఆయన దెబ్బలు కాసుకోలేదు. "కొట్టక్కా, ఇంకా కొట్టు" అంటూ నిలబడ్డారు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకూ ఆగలేదు. అన్నయ్య మాత్రం దుప్పటి చంకలోనే పెట్టుకుని, "అయితే ఈ ఫ్లాస్కులో టీ తాగేయొచ్చా?" అన్నారు.

పళ్లు ఏరుతూ వదిన షాపు మెకానిక్ వైపు తిరిగింది.

"కుడి వైపు ఏమీ లేదన్నావు కదా బాబూ. అది మా ఇంట్లో ఉంది."

మా ఆయన ఏరిన పండు చేత్తో పట్టుకునే అక్క వైపు తిరిగారు.

"ఇవ్వను" అంది వదిన. "ముందే చెబుతున్నా. నాన్న గుర్తుగా నాకున్నది అదొక్కటే. ఈ ఇంట్లో ఉన్నా అది నాదే."

"నీదేనక్కా."

"తుడిచేది కూడా నేనే. ప్రతి వారం వస్తాను."

"అందుకే రా అక్కా. దానికోసమైనా రా."

"ఏవండీ," అంది వదిన మొగుడితో, "వెళ్లి పట్టుకురండి."

"నేను మనిషిననుకున్నావా, లారీననుకున్నావా?" అని గొణుక్కుంటూనే అన్నయ్య బండి మాట్లాడుకోవడానికి వెళ్లారు.

మధ్యాహ్నం మూడింటికి ఆ జత పదకొండేళ్ల తర్వాత ఒకే గోడ ముందు నిలబడింది. వదినది కొంచెం ఎక్కువ మెరుస్తోందని ఇద్దరూ ఒక విడత వాదించుకున్నారు. ముందు పిల్ల ముచ్చట తీరాలి కదా, సినిమా వేశారు. వెనకాల తలుపు కిర్రుమంటే అన్నయ్య ఎవరొచ్చారోనని లేచి చూసొచ్చారు. కారొకటి ఎడమ నుంచి కుడికి దూసుకుపోతే గొంతు చిక్కలేదు, బెదరలేదు. పిల్ల ఎగిరి చప్పట్లు కొట్టింది.

తర్వాత ఆయన కొత్తదాన్ని ఆపేశారు. పెట్టెలోంచి పాత క్యాసెట్టొకటి తీశారు. వాళ్ల చిన్నప్పుడు మామగారు రెండు మైకులు పెట్టి ఇంట్లోనే తీసిన టేపు. ఇన్నాళ్లూ ఈయన అందులో తన సగమే విన్నారు. వదిన అసలు విననే లేదు.

టేపు తిరిగింది. ఎడమ వైపు నుంచి ఎనిమిదేళ్ల మా ఆయన, "మైకు నాది!" కుడి వైపు నుంచి పదేళ్ల వదిన, "పోరా, నాది!" ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో ఆ పిల్లాడు జవాబు రాని పోట్లాట ఆడుతున్నాడు. ఇవాళ దొరికింది జవాబు.

"నాన్నేడిరా?" అంది సోఫా చివర కూర్చున్న వదిన. "గొంతు వినిపిస్తోంది గానీ, నీ బాక్సులోంచే వస్తోంది."

"అక్కడ్నుంచి కాదక్కా. రెండు బాక్సులకీ సరిసమానంగా ఉన్న ఈ కుర్చీలో కూర్చుంటేనే. సరిగ్గా మధ్యలో నిలబడతాడు" అన్నారు ఆయన.

"అయితే లే."

"నేను మాత్రం ఎప్పుడు విన్నానక్కా? ఒక్కసారి విని లేస్తా."

"పెద్దదాన్ని నేను!"

"కుర్చీ నాది!"

ఇద్దరూ ఒక్కసారిగా నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పు, ఎవరు కూర్చోవాలి?"

నాలుక చివరిదాకా వచ్చింది, చెరో... అని. గట్టిగా పళ్లు కరిచి, టీ పెట్టే వంకతో వంటింట్లోకి పారిపోయాను. ఈసారి చచ్చినా తీర్పు చెప్పను.

నీళ్లు మరిగేలోపు హాల్లోంచి మామగారి గొంతు వినబడింది. "కొట్టుకున్నారంటే ఇద్దరికీ పడతాయి! నువ్విటు, నువ్వటు. మధ్యలో నేనుంటాగా!"

కప్పులు పట్టుకుని తొంగి చూశాను. ఆ ఒక్క కుర్చీలో అక్కాతమ్ముళ్లిద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. చెరో సగం గాల్లోనే ఉంది. ఎదురుగా రెండు బాక్సుల మధ్య ఖాళీ గోడ వైపు చూస్తూ, వాళ్ల నాన్న చేత ఇంకోసారి తిట్టించుకోవడానికి టేపు వెనక్కి తిప్పుతున్నారు.