క్యారియర్ లేని సైకిల్

2013లో ఎల్లారెడ్డి దగ్గరి అడవి బాటల్లో తొక్కాలని నా మౌంటెన్ బైక్‌ను విజయవాడ నుంచి తెచ్చుకున్నాను. రాళ్ల దిగుడులో బోర్లా పడకుండా ముందు చక్రాన్ని బాగా ముందుకు చాచిన ఫ్రేము, వెడల్పాటి హ్యాండిల్, కిందికి దించిన సీటు. అన్నీ నా ఒంటికి సరిపోయేలా నెలల తరబడి సరిచేసుకున్నాను. అలాంటి ఫ్రేముకు క్యారియర్ బిగించడం పాపమనుకునే రోజులవి.

ఒకరోజు అడవి దాటి మట్టిరోడ్డు ఎక్కగానే, మూటతో నడిచిపోతున్న ఒక అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఎల్లారెడ్డిల దింపుతవా బిడ్డా?"

"క్యారియర్ లేదవ్వా."

ఆమె సైకిల్‌ను ముందూ వెనకా చూసింది. "గింత పెద్ద సైకిలు ఒక్కనికేనా?"

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. నేను దిగి, ఆమె మూటను హ్యాండిల్‌కు తగిలించి పక్కనే నడిచాను.

కాసేపటికి ఒక షేర్ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ పక్కన కూడా ఇద్దరు వేలాడుతున్నారు. అవ్వ ఎలాగో లోపలికి దూరి మూట అందుకుంది. నేను సైకిల్ ఎక్కబోతుంటే మళ్లీ పిలిచింది.

"ఎండల ఏం తొక్కుతవు? రా, అందరు జర జరుగుతరు. సైకిలు పైన కడ్తరు."

అప్పటికే లోపల జానెడు చోటు ఖాళీ అయింది.