పొట్టి గిటారు, మడత కుర్చీ

ఆదోని నుంచి వచ్చిన బస్సు ఎమ్మిగనూరు స్టాండులో ఆగగానే కండక్టరు నన్ను చూసి దిగి వచ్చాడు. "అక్కా, మీ గిటారు మాస్టరు పోయినాడంట. పొద్దున్నే ఇంటి ముందర జనం కూడినారు" అన్నాడు. చేతిలో కూరగాయల సంచితోనే, తిరిగి పోయే అదే బస్సెక్కి ఆదోని పోయాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. గోడకు పాత గిటారు వేలాడుతోంది. మంచం మీద పొట్టి గిటారు, దాని పక్కన మడిచిన తువ్వాలు. అన్న ఒక్కడే లేడు.

అన్నా అని పిలిచేదాన్నిగానీ ఆయన నాకు చుట్టం కాదు. పగలు పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు, సాయంత్రాలు మా ఆర్కెస్ట్రాలో గిటారు మాస్టరు. నేను అందులో పాడేదాన్ని. హార్మోనియం పక్కనే ఉన్నా, నేను శ్రుతి తీసుకునేది ఆయన గిటారు నుంచే. పల్లవి ముగించి నేను ఊపిరి తీసుకునే చోట ఆయన ఒక చిన్న ముక్క వాయించేవాడు. ఈ పాటకు వాయించింది ఆ పాటకు వాయించేవాడు కాదు. "నువ్వు నిమ్మళంగా ఊపిరి తీస్కోమ్మా, అందాక నేను సూస్కుంటా" అనేవాడు. పందిట్లో ఎంత జనమున్నా ఆ కాసేపు నాకు భయముండేది కాదు.

వదిన పోయాక అన్న ఒంటరివాడయ్యాడు. పిల్లలు లేరు. అయినా ఇద్దరికి సరిపోయే ఎసరే పెట్టేవాడు. "అలవాటు పాడుగాను, మళ్ళా ఎక్కువైపాయ" అని మిగిలిన అన్నంలో నీళ్ళు పోసేవాడు. మరుసటి ఏడు పత్తి రోజుల్లో మిల్లు బెల్టులో ఎడమచెయ్యి ఇరుక్కుంది. వేళ్ళు దక్కాయిగానీ చివరి రెండూ పూర్తిగా విచ్చుకోలేదు. పాత గిటారు పొడుగాటిది, దాని మెడ మీద వేళ్ళతో నొక్కే మెట్లు ఎడంగా ఉంటాయి. ఒక వేలు ఆనితే రెండోది అందదు. స్టేజీ కూడా పోతే ఇంక గోడలతోనే మాట్లాడాలి. ఆ మాట ఆయన అనలేదు, ఆయన ముఖమే చెప్పింది.

చెయ్యి కాస్త నయమయ్యాక రైలెక్కి బొంబాయి పోయి, దుప్పట్లో చుట్టుకొని ఒక పాత గిటారు తెచ్చాడు. ఎలక్ట్రిక్ గిటారే, కానీ పొట్టిది. మెట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి. కింది కుండ, ఒడిలో ఆనే భాగం, మాత్రం వంకర. ఒక పక్క నడుము పైకీ, రెండో పక్కది కిందికీ జరిగి, ఎవరో రెండు చేతులా పట్టి మెలిపెట్టినట్టుంది. మా తబలా ఆయన చూసి, "ఏమన్నా, ఎండకు వంగిపాయనా ఇది?" అన్నాడు. అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు.

నవ్వినంత సులువు కాలేదు. ఒడిలో పెట్టుకుంటే అది ఒక పక్కకు జారేది. తువ్వాలు మడిచి తొడ మీద వేసి, దాని మీద కుదర్చేవాడు. వేళ్ళు కావలసిన మెట్టు దాటి అవతలి మెట్టు మీద పడేవి. "ఇల్లు మారినా పనిలోనించి పాతింటికే పోతాంది సూడు ఈ చెయ్యి" అని వేళ్ళ వైపు చూసి తిట్టేవాడు. "కొత్త కోడలు సర్దుకోవల్లంటారు గదమ్మా. ఈడ అత్తే సర్దుకోవల్ల." ఆదివారాలు నేను పోయి మెల్లగా పాడితే ఆయన వెంట వాయించేవాడు. యాంప్లిఫయరు పెట్టేవాడు కాదు. తప్పులు వీధికి వినపడతాయని సిగ్గు. అది లేకపోతే ఎలక్ట్రిక్ గిటారు ఎంత వినపడుతుంది? దోమ రొదంత.

ఆ తర్వాత వచ్చిన వినాయకచవితికి మా ఎమ్మిగనూరులోనే పందిరి. ఆయన మళ్ళీ స్టేజీ ఎక్కుతున్నాడని ఊరికి నేనే ముందుగా చెప్పుకొచ్చాను. ఎక్కాక తెలిసింది మేమిద్దరం చేసిన తెలివితక్కువ పని. ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు బెల్టు తగిలించుకొని నిలబడాలి. ఆయన నేర్చుకున్నదంతా తువ్వాలు వేసుకొని, కూర్చొని. నిలబడేసరికి ఆ వంకర కుండ కడుపు మీద ఇంకో తీరున వేలాడింది, మెట్లు చెయ్యికి దొరకలేదు. పైగా పొట్టి గిటారు తీగలు వదులుగా ఉంటాయి. పాతదాన్ని నొక్కినట్టు నొక్కితే స్వరం పైకి పోతుంది. ఇంట్లో వినపడని ఆ తేడా యాంప్లిఫయరులో ఊరంతా వినపడింది. అలవాటు చొప్పున నేను ఆయన దగ్గరే శ్రుతి తీసుకొని ఎత్తుకున్నాను. హార్మోనియం ఒక దారి, మేమిద్దరం ఒక దారి. ముందు వరుసలో ఎవరో ఈల వేశారు.

పాట ఆగిపోయింది. అన్న దిగిపోతాడనుకున్నాను. ఆయన మైకు దగ్గరికి వచ్చి, "అప్పా, ఒక కుర్చీ ఇయ్యండప్పా" అన్నాడు. ఎవరో ఇనుప మడత కుర్చీ అందించారు. కూర్చొని, భుజం మీది తువ్వాలు తీసి మడిచి, తొడ మీద వేసుకొని, గిటారు కుదర్చుకొన్నాడు. నా వైపు చూసి, "ఇప్పుడు పాడమ్మా" అన్నాడు. పాడాను. ఊపిరి తీసుకునే చోట ఆ చిన్న ముక్క వచ్చింది. తీగను నొక్కీ నొక్కనట్టు, మెల్లగా. నాకు ఏడుపొచ్చింది, రెండో చరణం ఎలా పాడానో తెలియదు.

ఆ తర్వాత పెద్దకడుబూరు పోయినా గోనెగండ్ల పోయినా, ముందుగా స్టేజీ మీద కుర్చీ వేయించేవారు. ఆయన దొరలా కూర్చొని వాయించేవాడు.

కొన్నేళ్ళకు ఒక ఆదివారం వేళ్ళు కొంచెం సాగుతున్నాయని పాత గిటారు దించాడు. దుమ్ము తుడిచి ఒడిలో పెట్టుకున్నాడు. చెయ్యి మెట్టు దాకా పోకుండా ముందే ఆగిపోయింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ అంతే. "ఈ చెయ్యి దీన్నీ మర్చిపాయనే" అన్నాడు. నేను చూస్తుండగానే దాన్ని మళ్ళీ మేకుకు తగిలించి వంటింట్లోకి పోయాడు. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. ఆ రోజు ఒక్కరికి సరిపడా ఎసరే పెట్టాడు. కొత్తదానికి అలవాటు పడ్డాడని నేను సంతోషించాలి గదా. నా చేత కాలేదు.

ఆదోని నుంచి వచ్చి నాలుగు దినాలైంది. మా వీధిలో మగ్గాల చప్పుడు మామూలే. పొద్దున గిన్నెలు తోముతూ, తెలియకుండానే ఒక పాత పాట ఎత్తుకున్నాను. పల్లవి ముగించి ఊపిరి తీసుకున్నాను. తడి చేతులతో అట్లాగే నిలబడి, అన్న వాయించే ముక్క కోసం ఆగాను.