ఎనభై బస్తాల దూరంలో బ్యాంకాక్

మా బావ పెంచలకృష్ణకు కోట ఊళ్లో రొయ్యల మేత దుకాణం ఉంది. మేత అమ్ముకుని బతకాల్సిన మనిషి, కొనడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపడమే పనిగా పెట్టుకున్నాడు. ఎదురుగా జెరాక్స్ షాపు పెట్టుకుని పదేళ్లుగా ఈ విడ్డూరం చూస్తున్నాను. ఎవరైనా వచ్చి "అన్నా, పది బస్తాలు" అంటే చాలు, తలెత్తకుండానే అడుగుతాడు: "ట్రే చూసినావా?"

ట్రే అంటే రొయ్యలు పెంచే గుంటలోకి తాడుతో దించే వల పళ్లెం. గుంటలో మేత చల్లేటప్పుడు అందులోనూ కాస్త వేసి, రెండు గంటలయ్యాక పైకి లాగి చూస్తారు. ఖాళీ అయితే రొయ్యలు తింటున్నట్టు, మిగిలితే వాటికి ఆకలి లేనట్టు. ఆకలి లేనప్పుడు వేసిన మేత అడుగున కుళ్లి నీళ్లను చెడగొడుతుంది. మా బావకు ఇది ఎవరో చెబితే వచ్చిన జ్ఞానం కాదు. పెళ్లయిన కొత్తలో తనకూ ఒక గుంట ఉండేది. తొందరగా ఎదగాలని దండిగా మేపాడు. ఒకరోజు పొద్దున చూస్తే రొయ్యలన్నీ చచ్చి తేలాయి. ఆ రోజు మా అక్క ఇందిరమ్మ గట్టు మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు.

ఇలాంటి డీలరు దొరకడం మేత కంపెనీ వాళ్ల కర్మ. ఏటేటా వాళ్లదొక స్కీము: మార్చితో ముగిసే ఏడాదిలో రెండు వందల టన్నులు అమ్మిన డీలరుకు భార్యతో సహా బ్యాంకాక్ యాత్ర. అక్క మూడేళ్ల కిందటే పాస్‌పోర్టు తీయించుకుంది. అప్పటినుంచీ ప్రతి ఏడూ బావ పది టన్నులో పదిహేను టన్నులో తక్కువతో ఆగిపోతున్నాడు. పక్కవీధి డీలరు సంజీవరావు గారు అలా కాదు. లెక్కకు తగ్గిందంతా తనే కొని ఇంట్లో పేర్చుకుంటారు. ఆయన రెండుసార్లు బ్యాంకాక్ చూసొచ్చారు. ఇంట్లో మంచానికి చోటు లేక ఇప్పుడు వసారాలో పడుకుంటున్నారు.

"బావా, నువ్వూ అట్టా చేయొచ్చు గదా?" అన్నాను ఒకసారి.

"ముక్కిపోయిన మేత తర్వాత ఎవురికి పెట్టాలరా శివా? నువ్వు తింటావా?"

ఈయనతో మాట్లాడేకంటే గోడతో మాట్లాడుకోవడం నయం.

ఈ మార్చిలో మాత్రం దేవుడు కళ్లు తెరిచాడు. చుట్టుపక్కల కొత్త గుంటలు తవ్వారు. నెలాఖరుకు ఇంకా వారం ఉండగానే బావ నూట తొంభై ఎనిమిది టన్నులకు చేరాడు. ఇంకా రెండు టన్నులు, అంటే ఎనభై బస్తాలు. అక్క కొత్త సూట్‌కేసు కొనేసింది. రోజూ మధ్యాహ్నం దుకాణానికి వచ్చి కూర్చుని బస్తాల వంక చూసేది.

సరిగ్గా అప్పుడే కంపెనీ నుంచి వినీల అనే అమ్మాయి వచ్చింది. స్కీముల వల్ల ఫలితం ఉందో లేదో కొలవడమే ఆమె ఉద్యోగమట. నేను షాపు అలాగే వదిలేసి వెళ్లి కూర్చున్నాను. ఇలాంటి వేడుక రోజూ దొరకదు.

"సార్, ఈ యాత్ర స్కీము వల్ల మీరు అమ్మే పద్ధతి ఏమైనా మారిందా?" అని అడిగింది ట్యాబు తెరిచి.

"లేదమ్మా."

"కొంచెం కూడా?"

"రొయ్య కడుపు ఎంతుంటే అంతే గదా తినేది? బ్యాంకాక్ ఫొటో చూపిస్తే ఇంకో ముద్ద ఎక్కువ తింటదా?"

వినీల నవ్వాపుకుంటూ 'లేదు' అని నొక్కింది. అంతలో మౌలా మోటారుసైకిల్ దిగాడు. ఉప్పుటేరు పక్కన మూడు గుంటలు చేసుకునే రైతు.

"అన్నా, ఎనభై బస్తాలు పంపించు. నాలుగు దినాలుగా మబ్బు పట్టి రొయ్య ఎదగడంలా. పూటకింకొంచెం ఎక్కువ చల్లుదామని."

ఎనభై! అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పెంచలకోన నరసింహస్వామికి కొబ్బరికాయ మొక్కేశాను. మబ్బు పట్టినప్పుడు రొయ్య సరిగా మేత తీసుకోదని కోటలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బావ నోట ఆ పాత ప్రశ్న ఎప్పుడు ఊడిపడుతుందోనని నాకు ఒకటే గుబులు.

బావ ఏమీ అడగలేదు. అక్క వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని బిల్లు పుస్తకం తీశాడు. మౌలా పేరు రాశాడు. ఎనభై అని వేశాడు.

మౌలాకే భయమేసింది. "ఏందన్నా, ఒంట్లో బాగలేదా?"

బావ బిల్లు చింపి అందించబోయాడు. అప్పుడు అక్క లేచింది.

"మౌలా, ట్రే చూసినావా?"

మౌలా గతుక్కుమన్నాడు. "చూసినా వదినా. సగం మేత అట్నే ఉండాది."

"మరి ఇదంతా తీసకపోయి యాడ పోస్తావు? ఎండ వచ్చిందాకా ఇప్పుడేసేది కూడా తగ్గించు. పో."

నేను ఊరుకోలేకపోయాను. "అక్కా! నోటిదాకా వచ్చిన కూడు కాలదన్నుకుంటావా?"

"నువ్వు నోరు ముయ్యి శివా. ఈడ వీడి పెండ్లాం గట్టు మీద కూర్చోని ఏడస్తా ఉంటే, ఆడ బ్యాంకాక్‌లో నేనేం చూడాల?"

నాకు కోపమూ వచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. మౌలా అక్క మొహమూ బావ మొహమూ చూసి, ఒక్క బస్తా కూడా లేకుండా బండెక్కి వెళ్లిపోయాడు.

బావ ఆ బిల్లును నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. వినీల ట్యాబు సంచిలో పెట్టుకుని లేవబోతుంటే ఆపాడు.

"అమ్మా, ఇందాక నేను లేదని చెప్పినా గదా. అది కొట్టేసి అవునని రాసుకో. మీ స్కీము పనిచేసింది."

"ఎప్పుడు సార్?"

"ఇప్పుడే. మా ఇంటామె లేచిందాకా."