వాగు దాటి వచ్చిన జట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీకటుండగానే లేచి టీవీ పెట్టేది మగవాళ్లు కాదు, మా మేనత్త. నాన్నకు చెల్లెలు. మేం మణుగూరు దగ్గర బొగ్గు గనుల కాలనీలో ఉండేవాళ్లం. అత్త కాలనీ దవాఖానాలో నర్సు. పెళ్లి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "మ్యాచులున్నయి, టైమ్ దొరకలే" అనేది. అడిగినవాళ్లు నవ్వాలో ఊరుకోవాలో తెలియక వెళ్లిపోయేవాళ్లు. ఆదివారం ప్రార్థనలో పాస్టరుగారు కాస్త ఎక్కువసేపు మాట్లాడితే కాలు కదిలిస్తూ కూర్చునేది. ఆ కదలికను బట్టి ఆ రోజు ఎక్కడో మ్యాచ్ జరుగుతోందని మాకు తెలిసిపోయేది.

ఆ చలికాలంలో మన జట్టు ఆస్ట్రేలియా టూరుకు వెళ్లింది. అక్కడ ఆట మొదలయ్యేసరికి మాకింకా తెల్లవారేది కాదు. దుప్పట్లు కప్పుకుని అత్త, నాన్న, అన్న, నేను టీవీ ముందు కూర్చునేవాళ్లం. నాన్న గనిలో డంపర్ నడిపేవాడు. ఫస్ట్ షిఫ్టు ఉన్న రోజున సగం ఆట చూసి, షిఫ్టు వేసినవాణ్ణి తిట్టుకుంటూ డ్యూటీకి పోయేవాడు.

ఆ టూరు సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా వింటారు. కొత్త సంవత్సరం మొదట్లో ఆడిన టెస్టులో అంపైర్ల నిర్ణయాలు ఒకదాని వెంట ఒకటి మనకు ఎదురుతిరిగాయి. అవతలివాడి బ్యాటుకు తగిలి బంతి కీపర్ చేతిలో పడినా ఔటివ్వలేదు. మనవాడికి తగలకపోయినా ఇచ్చారు. ఇంకాసేపు నిలబడితే డ్రా అయ్యే ఆట ఓడిపోయాం. అది చాలదన్నట్టు మనవాళ్లలో ఒకరు అవతలి ఆటగాణ్ణి అనరాని మాట అన్నాడని కేసు పెట్టారు. అన్నాడో లేదో మణుగూరులో కూర్చున్న మాకెట్లా తెలుస్తుంది? కానీ కాలనీలో ప్రతివాడూ పక్కనే నిలబడి విన్నట్టు మాట్లాడాడు. టూరు ఆపేసి వచ్చేయాలన్నది టీకొట్టు దగ్గర అందరూ కలిసి చెప్పిన తీర్పు. నాన్నయితే అన్నం ముందు కూర్చుని కూడా ఆ అంపైర్లను వదిలిపెట్టలేదు.

"అంత చప్పుడొచ్చింది గద, వినపళ్లేదంటడా! చెవులున్నయా, కుట్టుకున్నడా?" అని కంచం మీద చెయ్యి కొట్టేవాడు. పప్పు చిందేది.

జట్టు ఉంటుందా, వచ్చేస్తుందా అని నాలుగు రోజులు అందరం వార్తలు చూశాం. చివరికి ఉండిపోయింది. తర్వాతి మ్యాచుకు అంపైర్‌ను మార్చారని కూడా చెప్పారు. ఆ వచ్చిన ఆదివారమే మా గ్రౌండులో గూడెం వాళ్లతో మ్యాచ్.

మా క్వార్టర్ల వెనక గ్రౌండు, దాని అవతల వాగు, వాగు అవతల అడవిలో గూడెం. గూడెం కుర్రాళ్లకు ఒకప్పుడు సొంతంగా ఆడుకునే చోటు ఉండేది. గని పెరిగాక, బొగ్గు మీద నుంచి తవ్వితీసిన మట్టి తెచ్చి అక్కడే పోశారు. చూస్తుండగానే అది గుట్టయింది. అందులో మా నాన్న డంపర్‌తో తెచ్చి పోసిన మట్టి కూడా ఉంది. చోటు పోయాక వాళ్లు వాగు దాటి మా గ్రౌండుకు రావడం మొదలుపెట్టారు. రోజూ గొడవే. విసిగిపోయి కాలనీ పెద్ద పిల్లలు ఒక పందెం పెట్టారు. గూడెం వాళ్లు గెలిస్తే ఆదివారాలు గ్రౌండు వాళ్లది. ఓడితే మళ్లీ వాగు దాటకూడదు. గూడెం కెప్టెన్ ఇంటర్ మధ్యలో ఆపేసి గనిలో కాంట్రాక్టు పనికి పోయే కుర్రాడు. ఎక్కువ మాట్లాడడు. సరేనన్నాడు. అత్త మాత్రం దానికి "గూడెపోళ్ల ఫారిన్ టూరు" అని పేరు పెట్టింది.

మా గ్రౌండుకు ఒక పద్ధతి ఉండేది. ఏ జట్టు బ్యాటింగ్ చేస్తుంటే ఆ జట్టు మనిషే అంపైర్‌గా నిలబడాలి. ఫీల్డింగ్ చేసేవాళ్లకు ఒక్క మనిషి కూడా మిగలడు కాబట్టి ఎప్పటినుంచో అట్లాగే నడిచింది. అందులో తప్పేముందని అడగాలని ఎవరికీ తోచలేదు.

ప్రార్థన అయ్యి, భోజనాలయ్యాక ఆట మొదలైంది. ముందు మా బ్యాటింగ్. నాన్న తలకు తువ్వాలు చుట్టుకుని అంపైర్‌గా నిలబడ్డాడు. నేను నీళ్ల బిందె దగ్గర కూర్చున్నాను. మా అన్న ఆడుతున్నాడు. ఆట మొదట్లోనే కార్కు బంతి అన్న బ్యాటు అంచును తాకి కీపర్ చేతిలో పడింది. ఆ చప్పుడు బిందె దగ్గరున్న నాకు కూడా వినపడింది. అన్న కూడా ఔటైనట్టే, సైకిళ్లు పెట్టిన వైపు ఒక అడుగు వేశాడు. నాన్న చెయ్యి లేవకపోవడం చూసి ఆగిపోయాడు.

"తగిలింది సార్," అన్నాడు గూడెం కెప్టెన్.

"నాకేం వినపళ్లే. ఆడుండ్రి, ఆడుండ్రి!"

"గుట్టల్ల తిరిగేటోళ్లకు క్రికెట్ ఏం తెలుస్తదిరా!" అని గ్రౌండు గట్టు మీద నుంచి చూస్తున్న కాలనీ వాళ్లలో ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. వారం రోజులుగా అనరాని మాటల గురించి తప్ప ఇంకో ముచ్చట లేని కాలనీలో, ఆ మాట ఎవరికీ అనరానిదిగా అనిపించలేదు. నేను మాత్రం కెప్టెన్ ముఖం చూసి నవ్వడం ఆపేశాను.

అత్త అప్పటికే వచ్చి ఉంది. డ్యూటీ దిగి నేరుగా రావడంతో ఒంటిమీద ఇంకా దవాఖానా తెల్లకోటు ఉంది. అన్న ఆ తర్వాత చాలాసేపు ఆడి మా జట్టుకు సగం పరుగులు ఒక్కడే చేశాడు. ప్రతి ఫోరుకూ గట్టు మీద ఈలలు. అత్త చప్పట్లు కొట్టలేదు.

మా బ్యాటింగ్ ముగిసింది. నీళ్లు తాగడానికి వస్తారనుకున్న గూడెం వాళ్లు రాలేదు. టేకు చెక్కతో చెక్కుకున్న తమ బ్యాటు, వికెట్ల కర్రలు ఏరుకుని వాగు వైపు నడవడం మొదలుపెట్టారు.

నాన్నకు కోపం వచ్చింది. "ఏందిది? ఇప్పుడు మీ అంపైరే గద నిలబడేది. మీకు నచ్చినట్టు ఇచ్చుకోండ్రి. లెక్క సరిపోతది."

కెప్టెన్ ఆగి, వెనక్కి తిరిగి, మెల్లగా అన్నాడు. "మా మనిషిని నిలబెట్టి గెలిస్తే మీరు ఒప్పుకుంటరా సార్? దొంగాటంటరు. ఓడితే గ్రౌండు లేదు, గెలిచినా లేదు. ఇగ ఎందుకు ఆడుడు?"

నాన్న తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "పోతే పోనీ" అని ఎవరో అన్నారు. వాళ్లు పోయారు.

అత్త వాళ్ల వెనకే వాగు దాకా వెళ్లింది. నేను అత్త వెనక వెళ్లాను. వాళ్లు ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలో దిగబోతున్నారు. గూడెంలో అత్తను తెలియనివాళ్లు లేరు. వానాకాలంలో మలేరియా గోలీలు పట్టుకుని వెళ్లి, ప్రతివాణ్ణీ ఎదురుగా మింగించి, నాలుక ఎత్తించి చూసి గాని కదిలేది కాదు. ఆమెను చూసి అందరూ ఆగారు.

"అక్కడ మనోళ్లకు గూడ గిట్లనే అయింది. దేశమంతా వచ్చెయ్యమన్నది. తెలుసా?" అంది.

"తెలుసు సిస్టరమ్మా. వచ్చేసిండ్రా?"

"రాలే. ఉన్నరు."

"మరి గెలుస్తరా?"

"ఏమో, నాకేం తెలుసు? ఇంకా ఆడనే లే. కానీ వచ్చేస్తే మాత్రం గొడవొక్కటే మిగిలేది. మీరిట్ల పోతే గూడ గంతే. గూడెపోళ్లు అలిగిపోయిండ్రు అనుకుంటరు. బంతి తగిలిందన్న ముచ్చట రేపటికి ఒక్కడు ఎత్తడు."

కెప్టెన్ నీళ్లవైపు చూస్తూ అన్నాడు. "వాళ్లకు అంపైర్‌ను మార్చిండ్రంట గద. మాకెవరు మారుస్తరు?"

"నేను నిలబడతా."

"మీరు ఆ సార్ చెల్లె గద సిస్టరమ్మా."

"అవ్. అందుకే కాలనీ ఒప్పుకుంటది. ఇగ మీరే ఒప్పుకోవాలె."

వాళ్లు తమ భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకు ఒక్క మాట అర్థం కాలేదు, మధ్యమధ్య వినిపించిన అంపైర్, ఔట్ తప్ప. అత్త తొందరపెట్టలేదు. చివరికి కెప్టెన్ వంగి ప్యాంటు మడతలు విప్పుకున్నాడు. మిగతావాళ్లూ విప్పుకున్నారు.

అత్త తెల్లకోటుతో వికెట్ల వెనక వచ్చి నిలబడేసరికి నాన్న ముఖం ఎర్రబడింది. "నీకేం తెలుసు అంపైరింగు? పోయి కూసో!" అన్నాడు అందరి ముందూ.

"తెల్లారగట్ల లేచి టీవీ పెట్టేదెవరు అన్నా, నువ్వా నేనా?"

గట్టు మీద నవ్వులు. నాన్న పోయి స్కూటరు మీద కూర్చున్నాడు.

గూడెం వాళ్లు బాగా ఆడారు. కెప్టెన్ చివరిదాకా నిలబడితే గెలిచినట్టే. అంతలో లేని పరుగుకు వెళ్లి, సగం దూరం నుంచి మళ్లీ వెనక్కి ఉరికాడు. మా వాడు విసిరిన బంతి వికెట్లకు తగిలింది. చాలా దగ్గరి సంగతి. కాలనీ మొత్తం చేతులెత్తి అరిచింది. అత్త వేలు ఎత్తింది. కెప్టెన్ ఆమె ముఖంలోకే చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. అతను బ్యాటు చంకలో పెట్టుకుని వచ్చేశాడు. స్కూటరు మీద నుంచి నాన్న "అదీ!" అన్నాడు. వాగు నుంచి వెనక్కి పిలిచి తెచ్చి ఇట్లా చేస్తుందా అని నాకు అత్త మీద ఒళ్లు మండింది.

తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఔటయ్యారు. ఆఖరికి ఒక బక్కపిల్లాడు టేకు బ్యాటు పట్టుకుని మిగిలాడు. బ్యాటు వాడికంటే బరువుగా కనిపించింది. ఒక ఫోరు కొడితే గెలుస్తారు. మా బౌలర్ వేసిన బంతి వాడిని రాసుకుంటూ కీపర్ చేతిలో పడింది. కాలనీ అంతా ఒకే గొంతుతో అరిచింది. నాన్న స్కూటరు దిగి మరీ అరిచాడు.

అత్త తల అడ్డంగా ఊపింది. "బ్యాటు గాదు, ప్యాంటు," అంది.

తర్వాతి బంతిని ఆ పిల్లాడు కళ్లు మూసుకుని కొట్టాడో తెరుచుకుని కొట్టాడో గాని, అది అందరి తలల మీదుగా వెళ్లి గ్రౌండు చివరి వెదురు కంచెకు తగిలింది. గూడెం వాళ్ల కేకలు మట్టిగుట్ట దాకా వినిపించి ఉంటాయి. కాలనీ వాళ్లు ఎవరి సైకిలు వాళ్లు తీసుకున్నారు. కెప్టెన్ నాన్న దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం వస్తం సార్" అన్నాడు. నాన్న స్కూటరు తాళంచెవి కోసం అన్ని జేబులూ వెతుక్కున్నాడు. అది స్కూటరుకే ఉంది. చివరికి "రాండ్రి" అన్నాడు.

ఇంటికి నడుస్తూ అత్తను అడిగాను, గూడెం కెప్టెన్‌ను ఎందుకు ఔటిచ్చావని.

"ఔటైండు గాబట్టి," అంది. మా వీధి మలుపు దగ్గర తనే మొదలుపెట్టింది. "నాకు వాళ్లే గెలవాలని ఉండె బిడ్డా. గందుకే భయమైంది. ఆ కెప్టెన్ పిలగాడు ఉరుకుతుంటే నా మనసు చేరిండు అన్నది. వికెట్ల చప్పుడు విన్న చెవి చేరలే అన్నది. మనసు ఎటున్నదో ముందే ఎరుకయింది గాబట్టి చెవి మాట విన్న."

"మరి నాన్న అబద్ధమాడిండా?"

"లేదు. మీ నాయినకు నిజంగనే వినపళ్లే. కొడుకు ఆడుతుండు. మనసు ఎటున్నదో చూసుకోలే. గట్లున్నప్పుడు చెవులు పనిజెయ్యవు."

"మరి అక్కడి అంపైర్లు?"

"వాళ్ల మనసు నాకెట్ల తెలుస్తదే? నీ మనసు సంగతి నువ్వు చూస్కో, చాలు."

ఆ తర్వాతి మ్యాచ్, బయటివాళ్లు గెలవడమే గగనమనే గ్రౌండులో, మనవాళ్లు గెలిచారు. సిరీస్ దక్కకపోయినా, టూరు చివర్లో వన్డేల కప్పు గెలుచుకుని వచ్చారు. ఆ రోజు నాన్న కాలనీలో జిలేబీ పంచాడు. అత్తకు రెండు ఎక్కువ ఇచ్చాడు. గూడెం వాళ్లు ఆదివారాలు వచ్చారు. మా గ్రౌండు పాత పద్ధతి మాత్రం ఆగిపోయింది, ఇక ఎప్పుడూ అత్తే అంపైర్. అత్తకు డ్యూటీ పడిన ఆదివారం మ్యాచే వాయిదా వేసేవాళ్లు.

ఇప్పుడు నేను ఖమ్మం నుంచి పోయి వస్తూ ఎర్రుపాలెం వైపు ఒక బడిలో టీచరును. పిల్లలు రోజుకో తగువుతో వస్తారు. ఒకరు ఏడుస్తూ, ఇంకొకరు బుకాయిస్తూ. వాళ్లు నోరు తెరవకముందే నా మనసు ఒకరివైపు జరిగి ఉంటుంది. ఎటు జరిగిందో నాకు నేను చెప్పుకున్నాక, అప్పుడు వింటాను.

నాన్న రిటైరై ఖమ్మంలో మా దగ్గరే ఉంటున్నాడు. టీవీలో మ్యాచ్ వస్తుంటే, అందులోనూ కీపర్ క్యాచ్ పడితే, రీప్లేలో చప్పుడు వినిపిస్తుంటే, ఎవరూ అడగకుండానే నా వైపు తిరుగుతాడు.

"నాకైతే ఆ రోజు ఏ చప్పుడు వినపళ్లే బిడ్డా," అంటాడు.

ఆయన నిజమే చెబుతున్నాడు. బడిలో నా భయమంతా అందుకే.