నేపర్‌విల్‌లో రాజమాతకు పరామర్శ

ఇంగ్లండు రాజుల ఇంట్లో ఒక పెద్దావిడను నేను అమెరికాలోని నేపర్‌విల్‌లో కూర్చుని చంపేశాను. కత్తి లేదు, విషం లేదు. పొద్దున్నే టీవీ చూశాను, అంతే. ఆవిడ ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు నిక్షేపంగా బతికింది. పరువు పోయి చచ్చినంత పనైంది మాత్రం నాకు. ఎనభైల మొదట్లోని మాట ఇది. మంచినీళ్లు తాగేవాళ్లు ఇప్పుడే తాగేయండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు.

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. మా ఆడపడుచు ఎస్తేరు, ఆమె భర్త నేపర్‌విల్‌లో స్థిరపడి మమ్మల్ని పిలిపించుకున్నారు. ఎస్తేరు ఆసుపత్రిలో నర్సు. మా ఆయనకు అదే ఆసుపత్రిలో బాయిలరు దగ్గర పని. నాకు ఇంట్లో పని. ఎస్తేరు రాత్రి డ్యూటీ చేసొచ్చి పొద్దున్నే పడుకునేది, పైగా కడుపుతో ఉంది. తన నిద్ర చెడకుండా నేను టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసి, బొమ్మలు మాత్రం చూసేదాన్ని.

సౌండు లేదు, చదువు లేదు. అయినా మా తెలుగు క్రైస్తవ సంఘం ఆడవాళ్లందరికీ వార్తలు చెప్పేది నేనే. నవ్వకండి. మిగతావాళ్లు డ్యూటీలోనో నిద్రలోనో ఉండేవారు. పొద్దుటి టీవీ చూసే తీరిక ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. మా సండే స్కూలు టీచరు కృపమ్మ రోజూ ఫోన్ చేసేది.

"అక్కా, ఇవాళ టీవీలో ఏంటి?"

"సోఫా మీద ఎర్ర కోటు ఆవిడ కూర్చుంది. టై కట్టుకున్నాయన ఏదో అడుగుతున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. మొగుడు వదిలేసుంటాడు."

"అయ్యో! పిల్లలున్నారా?"

"ఇద్దరు," అనేదాన్ని. అంత దూరం వచ్చాక పిల్లల దగ్గర ఆగిపోతే ఏం బాగుంటుంది?

ఒకసారి పటం మీద తెల్లటి మచ్చ కనబడితే, "రేపు మంచు. కార్లు బయటకి తీయకండి" అన్నాను. నిజంగానే మోకాలి లోతు మంచు పడింది. అప్పటినుంచి నా మాటకు తిరుగు లేకుండా పోయింది. గుడ్డెద్దు చేలో పడితే సామెత అయ్యింది. నేను పడితే సంఘానికి ఆకాశవాణి అయ్యింది.

ఇక డోరతీగారి సంగతి చెప్పాలి. మా సంఘం ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో కూడుకునేది. ఆ పాస్టరుగారి భార్యే డోరతీగారు. పుట్టింది ఇంగ్లండులో. వాళ్లింట్లో గోడల నిండా రాజులు, రాణుల బొమ్మలున్న పింగాణీ పళ్లేలే. ఆరాధన తర్వాత మేం తినే చేపల పులుసు వాసన హాలు కర్టెన్లకు పట్టిందని ఆవిడకు కోపం. ఆ బుధవారం వాళ్ల కమిటీ కూర్చుని, హాలు మాకు ఉంచాలో తీసేయాలో తేల్చబోతోంది. హాలు పోతే మాకు ఇంకో చోటు లేదు. వారమంతా ఇంగ్లీషులో నోరు తిప్పుకుని, ఆదివారం ఒక్కపూట నోరారా తెలుగులో పాడుకునే జాగా అదొక్కటే.

సరిగ్గా ఆ ముందురోజు, మంగళవారం పొద్దున, కాఫీ గ్లాసుతో టీవీ ముందు కూర్చున్నాను. లండన్‌లో రాజుగారి కోట గేటు. గేటు నిండా జనం. లోపలినుంచి ఒకాయన పటం కట్టిన కాగితం తెచ్చి గేటు దగ్గర నిలబెట్టాడు. చదవడానికి జనం తోసుకుంటున్నారు. ఆడవాళ్లు పూలు తెచ్చి గేటు కింద పెడుతున్నారు. ఒక ముసలామె మైకు ముందు కళ్లొత్తుకుంటోంది. ఫిరంగులు పేలాయి. చర్చి గంటలు ఊగాయి. ఆ తర్వాత, డోరతీగారి పళ్లేల మీద ఉండే పెద్దావిడ పాత ఫొటోలు వరసగా వేశారు. చిన్నప్పటివి, పెళ్లివి, ఒళ్లో పిల్లతో ఉన్నవి.

మీరే చెప్పండి. గేటుకు కాగితం, గేటు కింద పూలు, గంటలు, ఫిరంగులు, పాత ఫొటోలు. మా భీమవరం వైపు ఇవన్నీ ఒక్కచోట కనబడితే దాన్ని ఏమంటారు? వార్తలు చెప్పే ఆయన నవ్వుతున్నమాట నిజమే. కానీ ఆయన తుఫాను గురించి చెప్పినా అలాగే నవ్వుతాడు.

వెంటనే ఫోన్ తీశాను. "కృపా, ఘోరం జరిగిపోయింది. ఇంగ్లండు రాజమాత పోయింది!"

"నిజమా అక్కా? సరిగ్గా చూశావా?"

"మంచు చెప్పినప్పుడు కూడా ఇలాగే అడిగావు."

కృపమ్మ నమ్మేసింది. "అయితే డోరతీగారు ఎంత ఏడుస్తున్నారో! అక్కా, వెళ్లి పలకరించకపోతే బాగుండదు. రేపే కమిటీ కూడాను."

"చావింటికి వెళ్లేది కమిటీ కోసం కాదు," అన్నాను గంభీరంగా. తెల్ల చీర అప్పటికే బయటకు తీశాను.

గంట తిరిగేసరికి కృపమ్మ కారు నిండా తెల్ల చీరలు. దారిలో అందరికీ జాగ్రత్తలు చెప్పాను. "గుర్తుంచుకోండి. చావింట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. వచ్చేటప్పుడు వెళ్లొస్తాం అనకూడదు. చెప్పకుండా లేచి వచ్చేయాలి."

డోరతీగారు తలుపు తీశారు. పూల గౌను, పెదాలకు రంగు. దుఃఖంతో మతి చెడిందనుకున్నాను. మారుమాట లేకుండా ఆవిడను కావలించుకుని, "ఎంత పని జరిగిపోయింది తల్లీ!" అని రాగం ఎత్తుకున్నాను. వెనక మావాళ్లు శ్రుతి కలిపారు. డోరతీగారు ముందు బిత్తరపోయారు. తర్వాత ఆవిడ కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "మీకూ తెలిసిందా? నాకోసం ఇంతమంది వచ్చారా?" అన్నారట. కృపమ్మ మాకు తెలుగులో చెప్పింది. మేం ఇంకో మెట్టు పైకెక్కాం.

లోపల కూర్చోబెట్టి కేకు తెచ్చారు. మేం తలలు అడ్డంగా ఊపాం. టీ తెచ్చారు. కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు ఇంకా జాలేసింది, ఇంకాస్త ఏడ్చాను.

అంతలో డోరతీగారు టీవీ సౌండు పెంచారు. అదే కోట, అదే గేటు. కృపమ్మ ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. కొంగు చాటునుంచి నా పక్కలో పొడిచింది.

"అక్కా, ఎవరు పోయారన్నావు?"

"రాజమాత."

"పోలేదు. పుట్టాడు."

"ఎవరు?"

"మనవడో మునిమనవడో! మగపిల్లాడంట. ఊరంతా పండగ చేసుకుంటోందంట!"

"మరి ఆ ముసలామె ఎందుకు ఏడ్చింది?"

"సంతోషంతో! నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. ఇక్కడ ఆలూ ఉంది, చూలూ ఉంది, బంగారంలాంటి కొడుకూ పుట్టాడు. నేనే వాళ్ల ముసలమ్మకు సమాధి కట్టేశాను.

డోరతీగారు మా ముఖాలు మార్చి మార్చి చూసి ఏదో అడిగారు. "ఎందుకేడుస్తున్నారు, ఎందుకు తినడం లేదు అంటోంది," అంది కృపమ్మ పళ్ల బిగువున. "ఏం చెప్పను?"

"నువ్వే సండే స్కూలు టీచరువి. ఏదో ఒకటి చెప్పు."

కృపమ్మ పైకి చూసి ప్రభువుకు క్షమాపణ చెప్పుకుంది. తర్వాత ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడింది. మా దేశంలో గొప్పింట్లో బిడ్డ పుడితే ఆడవాళ్లందరూ తెల్లబట్టలు కట్టుకుని వెళ్లి గట్టిగా ఏడుస్తారని, ఆ ఇంట్లో ఏమీ తినరని, చెప్పకుండానే లేచి వెళ్లిపోతారని, బిడ్డకు అది నిండు నూరేళ్ల దీవెన అని చెప్పేసింది. డోరతీగారు రెండు చేతులూ గుండెకు హత్తుకున్నారు. మేం చెప్పకుండా లేచి వచ్చేశాం.

మర్నాడు కమిటీలో డోరతీగారు మా తరఫున నిలబడ్డారట. ఇంత ప్రేమగలవాళ్లను బయటకు పంపితే దేవుడు మెచ్చడన్నారట. హాలు మాకే ఉంచి, కర్టెన్లు తీయించేశారు. సంఘంలో నా పరపతి ఇంకా పెరిగింది. నిజం తెలిసినవాళ్లం ఆ కారులో వెళ్లినవాళ్లమే. ఎవరూ నోరు విప్పలేదు.

ఇక్కడితో అయిపోతే నేను ఇది రాసేదాన్నే కాదు.

కొన్ని నెలలకు ఎస్తేరుకు మగపిల్లాడు పుట్టాడు. వాళ్ల అత్తగారు భీమవరం నుంచి వచ్చారు. దిష్టి, శకునం అంటే ఆవిడకు బైబిలు తర్వాత అంత నమ్మకం. ఇంట్లో ప్రార్థన పెట్టుకుని, బిర్యానీ వండి అందరినీ పిలిచాం. డోరతీగారిని ప్రత్యేకంగా పిలిచాం. హాలు ఇప్పించిన మనిషి కదా.

డోరతీగారు వచ్చారు. వెనక అమెరికన్ చర్చి ఆడవాళ్లంతా. అందరూ తెల్లగౌన్లలో. తిన్నగా ఉయ్యాల దగ్గరికి వెళ్లి, చుట్టూ నిలబడి, ఒక్కసారిగా గొల్లుమన్నారు. డోరతీగారైతే నా రాగాన్ని నాకంటే బాగా తీశారు.

అత్తగారు చేతిలో గరిటెతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు. "ఓరి నాయనో! పచ్చి పసిగుడ్డు మీద ఈ శోకాలేంటే! ఎవరికేమైంది?"

"ఏం కాలేదు పిన్నిగారూ," అన్నాను. "దీవిస్తున్నారు."

"దీవెనా ఇది? ఏ దేశపు దీవెన?"

కృపమ్మ తల దించుకుంది. "మన దేశపుదేనండీ," అంది.

బిర్యానీ పెట్టబోతే అందరూ కర్చీఫులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి ఒక్కరూ చెప్పకుండా లేచి బయటకు నడిచారు. అత్తగారు ఖాళీ కుర్చీలకేసి చూశారు, పొగలు కక్కుతున్న బిర్యానీ గిన్నెకేసి చూశారు.

"నిజం చెప్పండి. వీళ్లకి ఇది నేర్పిందెవరు?"

గదిలో ఉన్న ప్రతి వేలూ నావైపే తిరిగింది. ఉయ్యాల్లోంచి బయటకు వచ్చిన చిట్టి పిడికిలి కూడా.

ఆ వారమే లైబ్రరీలో పెద్దవాళ్ల ఇంగ్లీషు క్లాసులో పేరు రాయించుకున్నాను. తెలుగు అక్షరాలు కృపమ్మ దిద్దించింది. ఇదిగో, మీకిలా రాసి చెప్పగలుగుతున్నాను. పరిశుద్ధ గ్రంథం మీద చెయ్యి వేసి, పిన్నిగారి గరిటె సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏ రాజుగారింట్లో గంటలు మోగినా సరే, ముందు సౌండు పెంచుతాను. తర్వాత కింద వచ్చే అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను. ఆ తర్వాతే చీర మార్చుకుంటాను.