లేదయ్యగారికి థాంక్స్

మా పిన్ని ఆఫీసులో ఆఖరిగా చేసిన పని, ఒక అమ్మాయిని కింది అంతస్తుకు తరమడం.

"వెళ్ళవే, వెళ్ళి ఆయనకి థాంక్స్ చెప్పి రా."

"ఆయనేం చేశారు మేడమ్? లేదన్నారుగా."

"అందుకే చెప్పమంటున్నా. పక్క కిటికీలకి కూడా వినపడాలి."

అమ్మాయి దిగగానే పిన్ని మెట్ల దగ్గర నిలబడి, బత్తాయి తొనలు నోట్లో వేసుకుంటూ చెవి అటు పెట్టింది. ఆమెను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన నేను బ్యాగు పట్టుకుని చూస్తున్నాను. కింద నుంచి "థాంక్స్ సర్" అని వినపడింది.

"చచ్చాడు" అంది పిన్ని తృప్తిగా.

మర్నాడు ఉదయం ఆమె నిద్ర లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

కింద కూర్చునేది కాలేజీలో ఫీజు సాయం చూసే గుమాస్తా. ఆయనకు లేదయ్య అని పేరు పెట్టింది పిన్నే. ఆమె మన దేశం నుంచి బిజినెస్ చదవడానికి ఈ పరాయి దేశానికి వచ్చిన మొదటి ఏడాది, రెండో టర్ము ఫీజుకు దారి లేక ఆ కిటికీ ముందు నిలబడింది. "బయటి దేశాలవాళ్ళకి ఏమీ లేదమ్మా" అన్నాడట, తలైనా ఎత్తకుండా. నిజమే, ఆయన చేతిలోని డబ్బు ఇక్కడి పౌరులకే. పిన్ని చదువు ఆపి ఏడాదిపాటు ఒక హోటల్లో దుప్పట్లు ఉతికి మడిచింది. సబ్బునీళ్ళకు వేళ్ళు పగిలి రక్తం వచ్చేది. మళ్ళీ చేరాక తెలిసింది: కింది తరగతులకు లెక్కలు చెప్పే విద్యార్థులకు, వాళ్ళు ఏ దేశం వాళ్ళయినా, బిజినెస్ విభాగం ఫీజు మాఫీ చేస్తుంది. ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టరు. ప్రొఫెసరునే నేరుగా అడగాలి. పిన్ని ఏడుస్తూ వెళ్ళిపోయిన రోజు పై అంతస్తులో అలా లెక్కలు చెప్పే చోటు ఒకటి ఖాళీగానే ఉంది.

"మెట్లెక్కి అడగమని ఒక్క ముక్క అంటే వాడి నోటి ముత్యాలు రాలిపోయేవా?" అనేది.

చదువయ్యాక బ్యాంకు పిలిచినా వెళ్ళలేదు. పట్టుబట్టి ఆ విభాగంలోనే ఉద్యోగం తెచ్చుకుంది. మొహం వేలాడేసుకుని వచ్చిన ప్రతి పరదేశీ విద్యార్థినీ కూర్చోబెట్టి, ఏ ప్రొఫెసరుకు మనిషి కావాలో, ఎలా అడగాలో నేర్పేది. "సాయం చేయండి అని దేబిరించకు. మీ క్లాసుకి పనికొస్తాను అను." పని అయినవాళ్ళు తప్పకుండా కిందికి దిగి థాంక్స్ చెప్పాలి. అదే ఆమె అడిగిన ఫీజు.

"నీకెంత పుణ్యమో పిన్నీ" అన్నాను ఒకసారి.

"పుణ్యం ఎవడిక్కావాలే? వాడి మొహం మాడాలి."

పెళ్ళి ఎప్పుడని అమ్మ అడిగితే, "ముందు లేదయ్యని రిటైరవనీ అక్కా" అనేది.

కర్మలయ్యాక ఆమె సామాను తేవడానికి వెళ్ళాను. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ కిటికీ ముందు ఆయన్ని కడిగేయాలని మాటలు కూడా కూర్చుకున్నాను. బల్ల సర్దుతుంటే ఒక కొత్త విద్యార్థిని గుమ్మంలో ఆగింది.

"ఫీజు గురించి చెప్పే మేడమ్ మీరేనా?"

"కాదమ్మా. ఆవిడ పోయారు. నిన్నెవరు పంపారు?"

"అయ్యో. కింద కిటికీలో పెద్దాయనండీ, సెలవులకి ముందు. తన దగ్గర లేదట, పైకెళ్ళి ఆవిణ్ణి అడగమన్నారు. మా సీనియర్లకీ అలాగే చెప్పారట."

నేను సర్దడం ఆపాను. "ఆవిడతో ఎవరూ అనలేదే!"

"అనొద్దన్నారండీ. ఆయన పంపారని తెలిస్తే ఆవిడ ఇంకెవరికీ చెయ్యరట."